కమ్మీ మీద చెయ్యి

ఆ సెంటర్లో పదకొండు కుర్చీలు, కుర్చీకొక మిషను. మూత్రపిండాలు పనిచేయడం మానేసినవాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు ఆ కుర్చీల్లో వాలి, రక్తం కడిగించుకుని, ఒంట్లో చేరిన నీళ్ళు తీయించుకుని వెళతారు. కంపెనీకి ఇలాంటి సెంటర్లు నూట నలభై, పెద్దాసుపత్రులు తొమ్మిది ఉన్నాయని గోడ మీది పటంలో రాసి ఉంటుంది. మొదట్లో ఆ పటం కింద మంచినీళ్ళ డబ్బా పెట్టారు. ఇక్కడికొచ్చేవాళ్ళు నీళ్ళు తాగకూడదని ఎవరికో ఆలస్యంగా తట్టి తీసేశారు. డబ్బా కాళ్ళ గుర్తులు నాలుగు నేల మీద ఇప్పటికీ ఉన్నాయి.

అక్కడ పనిచేసే టెక్నీషియన్లలో పెద్దావిడను అందరూ సూదక్క అంటారు. ఆమె సూది గుచ్చితే నొప్పి తెలియదు. చేతి మీద నరాన్ని కళ్ళతో వెతకదు. రెండు వేళ్ళు ఆనించి, లోపల రక్తం గుర్రుమనే చోటు పట్టుకుని, కబుర్లు చెబుతూనే గుచ్చేస్తుంది. పదహారేళ్ళ నుంచి ఇదే పని. ముందు ఒక డాక్టరు సొంతంగా నడిపిన చిన్న సెంటర్లో చేసేది. కంపెనీ దాన్ని కొన్నప్పుడు మిషన్లతో పాటు, కుర్చీలతో పాటు తననూ కొన్నారని నవ్వుతూ చెప్పుకుంటుంది.

ఎవరైనా లోపలికి వస్తుంటే ఆమె ముందు ముఖం చూడదు, పాదాలు చూస్తుంది. చెప్పు పట్టీ ఎంత లోతుగా దిగబడింది, వదులు చేసి కట్టుకున్నారా అన్నది చూస్తే నీళ్ళు ఎంత చేరాయో సగం తెలిసిపోతుంది. మిగతా సగం తూకం చెబుతుంది.

తూకం గుమ్మం పక్కనే నేలకు సమానంగా ఉంటుంది. మనిషి ఎక్కి నిలబడితే బరువు దానంతటదే కంప్యూటర్లోకి వెళ్ళిపోతుంది. చేత్తో రాస్తే తప్పులొస్తాయని కంపెనీ పెట్టిన ఏర్పాటు. ఒక్కొక్కరికీ డ్రై వెయిట్ అని ఒక అంకె ఉంటుంది. నీళ్ళన్నీ పోగా మిగిలే అసలు బరువు అది. వచ్చిన బరువులోంచి ఆ అంకె తీసేస్తే ఎన్ని నీళ్ళు తీయాలో తేలుతుంది. ఆ లెక్క కంప్యూటరే కట్టి మిషనుకు చెబుతుంది. టెక్నీషియను మార్చడానికి లేదు. దిగేటప్పుడు మళ్ళీ తూస్తారు. డ్రై వెయిట్‌కు సరిగ్గా వస్తే పచ్చ గుర్తు, రాకపోతే ఎర్ర గుర్తు. నెలాఖరుకు పచ్చవెన్నో లెక్కగట్టి నూట నలభై సెంటర్లనూ వరసలో నిలబెడతారు.

మంచి ఏర్పాటే. కానీ మనిషి ఒళ్ళు అంకె కాదు. కండ పట్టినా కండ తగ్గినా డ్రై వెయిట్ మార్చాలి. అది డాక్టరు మాత్రమే మార్చగలడు. డాక్టరుకు ఇలాంటి సెంటర్లు ఆరున్నాయి. రెండు వారాలకోసారి బుధవారం వస్తాడు, నడుస్తూనే పదకొండు కుర్చీలూ చూసి వెళ్ళిపోతాడు. కంప్యూటర్లో పంపిన విన్నపాలు ఆయన కళ్ళబడేదాకా వరసలో కూర్చుంటాయి.

అయిదో కుర్చీ గడియారాలాయనది. నలభై ఏళ్ళు బీరువా అంత కొట్లో కూర్చుని చేతి గడియారాలు బాగుచేశాడు. భూతద్దం పెట్టుకుని పెట్టుకుని ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసినట్టే ఉంటుంది. మనిషి రివటలా ఉండేవాడు. అలాంటివాడు రెండు నెలల్లో నునుపుదేలాడు.

"బుగ్గలొచ్చాయేంటి బాబాయ్," అంది సూదక్క ఒకరోజు సూది గుచ్చుతూ.

"మా అక్కొచ్చి మా ఇంట్లో దిగింది. కోడిగుడ్లు ఉడకేసి తెల్లసొన నా ముందు పెట్టి, మింగేదాకా కదలదు. నాకు డెబ్బై ఒకటి, ఆవిడకు డెబ్బై ఆరు. ఇంకా జుట్టు పట్టుకుని తినిపిస్తానంటుంది."

"జుట్టెక్కడుందని?" అంది ఆరో కుర్చీలోంచి లెక్కల టీచరమ్మ. ఆవిడ రిటైరై పదేళ్ళయినా నోరు రిటైరు కాలేదు.

"అందుకే చెవి పట్టుకుంటోందండీ."

నవ్వుకున్నారు గాని, సూదక్క మనసులో లెక్క వేసుకుంది. ఈయన ఒంటికి కిలో కండ పట్టింది. కంప్యూటర్లో డ్రై వెయిట్ యాభై రెండు దగ్గరే ఉంది. అంటే ప్రతిసారీ మిషను ఒక కిలో నీళ్ళు ఎక్కువ లాగుతుంది. లేని నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అనుకున్నట్టే అయింది. మూడో గంట దాటగానే ఆయన ముఖం పాలిపోయింది. పిక్క రాయిలా బిగుసుకుపోయింది. సూదక్క కుర్చీని వెనక్కి వాల్చి, కాళ్ళు పైకెత్తి, సెలైను ఎక్కించి, పిక్కను రెండు చేతులతో పట్టుకుని మర్దన చేసింది. ఆయన అరవలేదు. ఆమె చొక్కా చేతిని గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు.

"తడిగుడ్డను పిండినట్టు పిండేస్తోందమ్మాయ్," అన్నాడు కాసేపటికి.

ఆ తర్వాత వరసగా ఇంకో మూడుసార్లు అలాగే అయింది. ఆమె డాక్టరుకు విన్నపం పంపింది. మళ్ళీ పంపింది. నాలుగుసార్లు పంపింది. ఆ బుధవారం డాక్టరు రాలేదు, ఇంకో సెంటర్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని వెళ్ళాడు.

అయిదోసారి ఆయన తూకం ఎక్కుతుంటే, సూదక్క పక్కనున్న గోడ కమ్మీ చూపించింది. ముసలివాళ్ళు తూలిపడకుండా పట్టుకోవడానికి పెట్టిన ఇనుప కమ్మీ అది.

"బాబాయ్, దాని మీద చెయ్యి వెయ్యి. పట్టుకోకు. గుడ్డు మీద వేసినట్టు వెయ్యి."

వేశాడు. తెర మీద యాభై అయిదున్నర ఉన్న అంకె కదిలి, దిగి, యాభై నాలుగున్నర దగ్గర ఆగింది. కంప్యూటరు కుయ్యిమని రాసేసుకుంది. ఆ రోజు పిక్క పట్టలేదు. దిగేటప్పుడు కూడా అలాగే చెయ్యి వేయించింది. పచ్చ గుర్తు పడింది.

ఇది ఆమె కొత్తగా కనిపెట్టింది కాదు. తూకాన్ని కంప్యూటరుకు కలిపిన నాటి నుంచీ ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలిసిన అడ్డదారే. డాక్టరు వచ్చేదాకా రోగి ఒళ్ళు కాపాడుకోవడానికి రెండుసార్లో మూడుసార్లో వాడతారు, తర్వాత మరిచిపోతారు. ఆమె కూడా ఇంతకుముందు అయిదుగురికి వాడింది.

"నేనున్నప్పుడే చెయ్యాలి, నేను చెప్పినంతే వెయ్యాలి," అంది.

ఆయన తల ఊపాడు. కానీ ఆ సగం మూసిన కంటితో తెర మీది అంకెను ఒక్క క్షణం ఎక్కువసేపు చూశాడు. దాన్ని ఆమె పట్టించుకోలేదు.

ఆ తర్వాతి వారమే హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. ఊరికి అవతలి కొసన కొత్త సెంటరు తెరుస్తున్నారు, అక్కడి కొత్తవాళ్ళకు పని నేర్పడానికి రెండు నెలలు వెళ్ళాలి. ఆమె తన రోగుల సంగతులన్నీ పుస్తకంలో రాసి అప్పగించింది. ఎవరికి ఏ చెయ్యి, ఎవరికి ఏ సూది, ఎవరు మాట్లాడిస్తే ఊరుకుంటారు, ఎవరు మాట్లాడిస్తే చిరాకు పడతారు, అన్నీ. కమ్మీ సంగతి మాత్రం రాయలేదు. అది రాతలో పెట్టే సంగతి కాదు. నోటితో చెబుదామనుకుంది. ఆ సాయంత్రం ఒకావిడకు రక్తం గొట్టంలో గడ్డకట్టింది. ఆ హడావిడిలో మాట అలాగే ఉండిపోయింది.

ఆమె వెళ్ళిన పది రోజులకు డాక్టరు విన్నపం చూసి డ్రై వెయిట్ యాభై మూడు చేశాడు. ఇక చెయ్యి వేయనక్కర్లేదని గడియారాలాయనకు చెప్పేవాళ్ళు లేరు. ఆయన చెయ్యి వేస్తున్నాడని సిబ్బందిలో తెలిసినవాళ్ళే లేరు.

రెండు నెలల తర్వాత సోమవారం పొద్దున్న సూదక్క తిరిగొచ్చేసరికి గుమ్మం ఎదురుగా గోడకు కొత్త షీల్డు వేలాడుతోంది. దానికింద మేనేజరు నిలబడి వంకర సరిచేస్తున్నాడు. ముప్పై రెండేళ్ళవాడు, ముందు బిస్కెట్ల కంపెనీలో చేసి వచ్చాడు. ఎవరినీ గట్టిగా అనడు. హెడ్డాఫీసు ఫోను మోగితే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాడు.

"నూట నలభైలో మూడో స్థానం సిస్టర్. తొంభై ఎనిమిది శాతం పచ్చ," అన్నాడు.

"సంతోషం సార్. అయిదో కుర్చీ ఖాళీగా ఉందేంటి?"

మేనేజరు ముఖం దించుకున్నాడు. "ఆయన పెద్దాసుపత్రిలో ఉన్నాడు. వారమైంది. ఆయాసం. గుండె అంటున్నారు."

"గుండె బాగానే ఉండేదే."

"బరువంతా సరిగ్గానే ఉంది కదా సిస్టర్. నీళ్ళు లేవు. మరి ఆయాసం ఎందుకొస్తుంది, గుండె వల్లే కదా. గురువారం గుండెలోకి తీగ పంపి చూస్తారట."

సూదక్క కంప్యూటరు తెరిచి ఆయన పేజీ చూసింది. ఆసుపత్రిలో చేరేదాకా ఇరవై మూడు సార్లు, అన్నీ పచ్చ గుర్తులే. దిగేటప్పటి బరువులు కిందికి చదువుకుంటూ పోయింది. మొదటి నాలుగూ యాభై రెండు. డ్రై వెయిట్ మార్చాక యాభై మూడు. యాభై మూడు. యాభై మూడు. ఒకచోట పది గ్రాములు తక్కువ. మళ్ళీ యాభై మూడు.

ఆమె పదహారేళ్ళలో ఏ మనిషి బరువూ అలా గీత గీసినట్టు ఉండగా చూడలేదు. బతికున్న ఒళ్ళు వందో రెండొందలో గ్రాములు అటూ ఇటూ ఊగుతుంది. ఇంత సరిగ్గా నిలిపేది ఒళ్ళు కాదు, చెయ్యి. సెకన్ల ముల్లును ఊపిరి బిగబట్టి తిప్పిన చెయ్యి.

షిఫ్టు అవగానే బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళింది. నాలుగో అంతస్తు, చూడ్డానికి వచ్చేవాళ్ళను అయిదింటి నుంచి ఆరింటి దాకా వదులుతారు. వార్డు గుమ్మం దగ్గర బల్ల మీద ఆయన అక్క కూర్చునుంది. ఒళ్ళో టిఫిను డబ్బా, మూత తీయనిది.

"వచ్చావా సూదక్కా. వాడికి నిద్ర లేదే. పడుకోబెడితే ఊపిరాడదంటాడు. పది రోజుల నుంచి కూర్చునే కునుకు తీస్తున్నాడు, కొట్టుకు ఎవరో గడియారం తెస్తున్నట్టు."

"ఏమైనా తింటున్నాడా పెద్దమ్మా?"

"ఎక్కడ. మింగడానికీ ఊపిరి కావాలి కదా."

ఆయన మంచం తలవైపు నిలువుగా లేపి ఉంది. మూడు దిండ్లు. ముక్కులో గొట్టం. ఆమెను చూసి నవ్వబోయి దగ్గాడు. సూదక్క దుప్పటి పక్కకు తీసి ముందు పాదాలు చూసింది. తర్వాత ముంగాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసింది. గుంట పడింది. అది పూడేసరికి ఆమె లోపల ఇరవై దాకా లెక్కపెట్టింది.

"ఎంత బాబాయ్?"

"ఏది ఎంత?"

"కమ్మీ మీద ఎంత?"

ఆయన పక్క మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు. "నువ్వెళ్ళాక మొదట కిలోనే వేశా. ఒకసారి పిక్క కాస్త పట్టినట్టు అనిపించింది. భయమేసింది. రెండు చేశా. తర్వాత మూడు. చివరికి నాలుగు." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకున్నాడు. ఆ ఆయాసంలోనూ కంట్లో చిన్న మెరుపు. "పది గ్రాములు తేడా రానివ్వలేదమ్మాయ్. మధ్యవేలు చివర చాలు. ఎక్కేటప్పుడు ఎంతో దిగేటప్పుడూ అంతే. మేనేజరు బాబు నా భుజం తట్టాడు, మిమ్మల్ని చూసి అందరూ నేర్చుకోవాలని."

సూదక్కకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండూ మింగింది.

"ఇక్కడ తూచలేదా నిన్ను?"

"నిలబడలేకపోతున్నా కదా. మంచం మీదే మిషను పెట్టి, రికార్డు చూసి కాసిని తీస్తున్నారు. నీకు నీళ్ళు లేవు పెద్దాయనా, గుండె బలహీనం అంటున్నారు."

"డాక్టరుకు చెప్పొచ్చు కదా."

"చెబితే? ఎవరు నేర్పారంటారు. నీ పేరు చెప్పనా?" ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పకపోతే నేనే మోసం చేశానని నా కుర్చీ తీసేస్తారు. రూలు కాగితం మీద నాతో సంతకం పెట్టించుకున్నారుగా. రెండూ వద్దు. తీగ పంపి చూసుకోనీ. ఏమీ లేదని వాళ్ళే తెలుసుకుంటారు."

"తెలుసుకునేలోపు నీళ్ళు ఊపిరితిత్తుల్లో నిండుతాయి."

బయట గంట కొట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళను పంపేసే ఆయా దుప్పట్లు సర్దుకుంటూ వస్తోంది. సూదక్క లేచింది. ఆయన చెయ్యి వదలకుండా, "నీకిద్దరు పిల్లలమ్మాయ్," అన్నాడు.

ఇంట్లో ఆమె మొగుడు పనినుంచి వచ్చి చేతులకంటిన గ్రీజు కడుక్కుంటున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని. సబ్బు వాసనా ఇనుము వాసనా కలిసి ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. ఆమె తువ్వాలు పట్టుకుని నిలబడి జరిగిందంతా చెప్పింది.

"చెబితే ఏమవుతుంది?" అన్నాడు చివరికి.

"తీసేస్తారు. ఇంకెక్కడా సూది పట్టనివ్వకపోవచ్చు."

"చెప్పకపోతే?"

"గుండెను పట్టుకుంటారు. నీళ్ళు వదిలేస్తారు."

అతను తువ్వాలు అందుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "లిఫ్టులో బరువెక్కువైతే కూత పెడుతుందా. ఆ గోల పడలేక ఎవరో ఒకరు వైరు పీకేస్తారు. నాకు వాళ్ళ మీద కోపం రాదు. పొద్దున్నే పనులకు పోయేవాళ్ళు, తొందర. పీకామని చెబితే అరగంటలో పెట్టేసి వస్తా. చెప్పరు. రోజంతా ఆ గుంటలో దిగి, లేని జబ్బు వెతుకుతూ ఉంటా."

పిల్లల పుస్తకాలు తీసి బల్ల ఖాళీ చేసి, ఇద్దరూ పళ్ళాలు పెట్టుకున్నారు.

మర్నాడు షిఫ్టు మొదలవకముందే ఆమె మేనేజరు గదిలో కూర్చుంది. మొత్తం విన్నాక అతను లేచి తలుపు మూశాడు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"డాక్టరుగారికి ఫోన్లో చెప్పేద్దాం సిస్టర్. నోటిమాటగా."

"రాత్రి నుంచి ఏడుసార్లు చేశా సార్. ఎత్తలేదు. పెద్దాసుపత్రికి చేస్తే, రికార్డులో ఉంటేనే మేం మార్చగలం అన్నారు."

రికార్డులోకి ఎక్కాలంటే ఒక ఫారం ఉంది. మేనేజరు కంప్యూటర్లో అది తెరిచాడు. కారణం అన్నచోట మూడే గళ్ళు. మిషను లోపం. రోగి సహకరించకపోవడం. సిబ్బంది తప్పు.

"మొదటిది పెడదాం," అన్నాడు ఊపిరి పీల్చుకుని. "తూకం పాడైందందాం. ఎవరికీ దెబ్బ తగలదు."

"తూకానికి సీలు వేస్తారు సార్. మనిషి వచ్చి చూసి రాసేసరికి శుక్రవారం. బాబాయికి తీగ గురువారం. తూకం బాగానే ఉందని తేలితే మళ్ళీ మొదటికొస్తాం."

"రెండోది..." అని, అతనే తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఆయన కుర్చీ పోతుంది. ఇంకో సెంటరుకు ఆయన రెండు బస్సులు మారాలి." కాసేపు గోడ వైపు చూశాడు. "నేను ఆయన భుజం తట్టాను సిస్టర్. ఆ పచ్చ గుర్తులు చూసి."

"మీకు తెలియదు కదా సార్."

"కాళ్ళు ఎవరూ చూడలేదు. నేను చూడలేదంటే సరే, నాకు చూడటం రాదు. చూడటం వచ్చినవాళ్ళు కూడా తెరే చూశారు."

ఆమె మౌసు తన వైపు లాక్కుని మూడో గడిలో నొక్కింది. వివరాలకు ఇచ్చిన చోటు చిన్నది, మూడు వాక్యాల కంటే పట్టవు. 'కమ్మీ మీద చెయ్యి వేసి బరువు తగ్గించడం నేనే నేర్పాను. ఈయన ఒంట్లో నాలుగు కిలోల నీళ్ళున్నాయి. ముందు అవి తీయండి.' అంతే రాసింది. కింద ఇంకో ప్రశ్న వచ్చింది. ఇతర రోగులు ఎవరికైనా ఇలా జరిగిందా? అవును, కాదు.

ఆమె వేలు ఆగింది. ఇప్పటిదాకా ఒక్కడి సంగతి. ఇది నొక్కితే పదహారేళ్ళ పనీ గంపగుత్తగా తప్పవుతుంది. బయట మొదటి షిఫ్టువాళ్ళు వస్తున్నారు. తూకం కుయ్యిమంటోంది, ఆగి మళ్ళీ కుయ్యిమంటోంది. తను వదిలివెళ్ళిన రెండు నెలల్లో ఆ అయిదుగురిలో ఎవరి చెయ్యి ఎక్కడుందో ఆమెకు తెలియదు.

అవును అని నొక్కింది.

"ఎంతమంది?" అన్నాడు మేనేజరు.

"అయిదుగురు."

అతను నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలకు డాక్టరే ఫోను చేశాడు. రాత్రంతా నిద్రలేని గొంతు.

"నాలుగు కిలోలని ఎలా అంటున్నారమ్మా?"

"కాలు నొక్కి చూశానండి. ఆయన్నీ అడిగాను. ఆయన చెప్పే లెక్క గ్రాముల్లో ఉంటుంది."

అవతల కారు హారన్లు వినిపించాయి. "మీ విన్నపం నాకు నాలుగుసార్లు వచ్చింది కదూ."

"వచ్చిందండి."

"సరే. ఈరోజు రెండు, రేపు రెండు, మెల్లగా తీయిస్తాను. గుండె సంగతి తర్వాత చూద్దాం." పెట్టేయబోయి ఆగాడు. "ముందే నాకు... సరే, ఉంటాను."

మధ్యాహ్నానికి హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. విచారణ అయ్యేదాకా ఆమె రోగులను ముట్టుకోకూడదు. వెనక గదిలో నీళ్ళు శుద్ధిచేసే యంత్రం దగ్గర ఉండాలి. ఆ గదిలో పీపాలూ గొట్టాలూ మీటర్లూ తప్ప మనుషులుండరు. గంటకోసారి అంకెలు చూసి పలక మీద రాయాలి. తలుపు తీసిపెడితే కుర్చీల వరస కనిపిస్తుంది. తీసే పెట్టింది.

శనివారం డాక్టరు వచ్చాడు. అది ఆయన వచ్చే రోజు కాదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఒక్కో షిఫ్టుకూ ఒక్కొక్కరి దగ్గరా కూర్చున్నాడు. ముంగాళ్ళు నొక్కాడు, మెడ నరాలు చూశాడు, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. అందరినీ మళ్ళీ తూకం ఎక్కించాడు, రెండు చేతులూ పక్కకు వేలాడేసి. ఆ అయిదుగురిలో ఇద్దరు ఇంకా చెయ్యి వేస్తున్నారు. ఒకావిడకు డ్రై వెయిట్ కిలోన్నర తగ్గాల్సి ఉంది, ఎవరూ గమనించలేదు.

ఆరో కుర్చీ దగ్గరికి వచ్చేసరికి లెక్కల టీచరమ్మ తనే మొదలుపెట్టింది.

"నావి రెండు కిలోలు రాసుకోండి. నాకు సూదక్క నేర్పలేదు, అయిదో కుర్చీ ఆయన నేర్పాడు. గురువుగారు ఆసుపత్రిలో పడ్డా నేను మానలేదు."

"చదువుకున్నవారు మీరు కూడానా?"

"చదువుకున్నదాన్ని కాబట్టే నాకు లెక్క తెలుసు. ఇక్కడ మీరు గబగబా పిండేస్తారు. నేను ఇంటికెళ్ళి మూడంతస్తుల మెట్లెక్కాలి. రెండో అంతస్తులో పిక్క పట్టేస్తే ఆ మెట్ల మీద ఎవరికోసం ఎదురుచూస్తూ కూర్చోను డాక్టరుగారూ?"

డాక్టరు కలం టోపీతో గడ్డం గోక్కున్నాడు. "అరగంట ఎక్కువ కూర్చుంటారా? అవే నీళ్ళు మెల్లగా తీస్తే పట్టేయదు."

"కూర్చుంటా. ఇంట్లో నాకోసం ఎదురుచూసే గోడలు ఎక్కడికీ పోవు."

డాక్టరు మేనేజరు వైపు తిరిగాడు. మేనేజరు వేళ్ళ మీద షిఫ్టులు లెక్కపెడుతున్నాడు. ఒకరికి అరగంట అంటే ఆ కుర్చీలో తర్వాతివాళ్ళకు అరగంట ఆలస్యం, ఆ తర్వాతివాళ్ళకూ అంతే. హెడ్డాఫీసు పెట్టిన పట్టీలో అరగంట అనే మాటే లేదు.

"చూస్తాను సార్," అన్నాడు. తర్వాత, "చేస్తాను," అన్నాడు.

ఆ నెల సెంటరు మూడో స్థానం నుంచి తొంభై ఆరో స్థానానికి పడిపోయింది. సూదక్కకు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం తీసేయలేదు. ఆరు నెలలు సూది పట్టకూడదు, పట్టే రోజు వస్తే మళ్ళీ పరీక్ష రాసి పాసవ్వాలి. పరీక్ష పుస్తకం ఆమె కొత్త సెంటర్లో పని నేర్చుకునే పిల్లలకు చెప్పిన పుస్తకమే. మేనేజరు ఆ ఉత్తరం ఇచ్చేటప్పుడు కవరు అంటించకుండా, మడత విప్పి, నిలబడి ఇచ్చాడు. హెడ్డాఫీసు ఫోనుకు నిలబడినట్టే.

గడియారాలాయన తిరిగొచ్చిన రోజు ఆమె నీటి గదిలోంచి చూసింది. మనిషి మళ్ళీ రివటలా ఉన్నాడు. తూకం మీద చేతులు వేలాడేసి, మెడ నిలబెట్టి, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. అంకె ఎంతో అంత. టెక్నీషియను సూది మొదటిసారి తప్పింది, రెండోసారి దిగింది. ఆయన పళ్ళు కరుచుకుని పైకి చూశాడు. సూదక్క వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆమె పలక తీసుకుని గంట అంకెలు రాసుకుంది.

కాసేపటికి ఆయన అక్క కర్ర పొడుచుకుంటూ నీటి గది గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాకూడదని బోర్డుంది. గడప అవతలే నిలబడింది.

"నిన్ను ఈ గొట్టాల మధ్య పడేశారా?"

"ఇక్కడా పనుంది పెద్దమ్మా. ఈ నీళ్ళు బాగా లేకపోతే అక్కడ ఏదీ బాగుండదు."

"నీ మీద నాకు కోపంగానే ఉంది. వాడికి ఆ విద్య నేర్పినందుకు."

"ఉండాలి."

"వాడి మీద ఇంకా ఎక్కువుంది." ముసలామె కర్ర మీద రెండు చేతులూ పెట్టి కుర్చీల వైపు ఒకసారి చూసి ఇటు తిరిగింది. "పడుకుంటున్నాడే ఇప్పుడు. వెల్లకిలా, ఒక్క దిండు మీద. ఏం గురకనుకున్నావు. పక్క గదిలో నాకు కంటి మీద కునుకు లేదు. దానికేమైనా మందుందా?"

"లేదు పెద్దమ్మా."

"ఉన్నా ఇవ్వకు," అంది ముసలామె.